తిరిగివ్వాల్సిన బైనాక్యులర్

వెనక సీటు కింద దొరికింది, నల్ల సంచీలో.
ఫోన్ చేస్తే ఆ సారు నవ్వాడు.
"సోమవారం వస్తా, భద్రంగా ఉంచు మీరా" అన్నాడు.
అంటే నా చేతిలో ఒక ఆదివారం ఉంది.

గుంటూరు బస్టాండు నుంచి ఉప్పలపాడుకి
ఎన్ని ట్రిప్పులు కొట్టానో నాకే లెక్కలేదు.
జనాన్ని చెరువు గట్టున దింపి
సీటు మీద కాళ్ళు చాపుకుని పడుకోవడం,
అంతవరకే నాకొచ్చిన పక్షుల చదువు.
పైన దుప్పట్లు దులిపినట్టు రెక్కల చప్పుడు.
కళ్ళు తెరిచింది లేదు.

ఈ పూట కిరాయి లేదు.
నా పక్కన కరీముల్లా, హారన్ మీదే చెయ్యి.
వెనక అమ్మ, రమీజా, షాహిన్,
క్యారేజీలో గోంగూర అన్నం, ఉడకబెట్టిన గుడ్లు.
"పిట్టల్ని చూడబోతూ గుడ్లేంటే?"
"నువ్వు వాటికి చెప్పమాకు."

ఊరు దాటాక మిర్చి ఘాటు పోయింది,
చేపల వాసన మొదలైంది, సున్నం వాసన కూడా.
చెట్లు చాలక నీళ్ళల్లో ఇనుప చెట్లు నాటారు.
కొమ్మ కొమ్మకీ కాపురమే,
ఏది ఇనుమో ఏది తుమ్మో
తెల్లగా అయిపోయాక ఎవరికి తెలుసు.

షాహిన్ లెక్కల నోటుబుక్కు వెనకపేజీ తెరిచింది.
"నాన్నా, అదేంటి?"
"కొంగ."
"అది?"
"అదీ కొంగే."
"వందసార్లు వచ్చావుగా!"

అప్పుడు అమ్మ అందుకుంది, బైనాక్యులర్ ముట్టకుండానే.
సంచి వేలాడేది గూడబాతు.
ముక్కు మధ్యన సందున్నది నత్తగుల్ల కొంగ.
రెక్కలు ఆరేసుకుని నిలబడ్డది నీటికాకి.
అదిగో, గట్టు మీద మట్టిలో మట్టిలా కూచున్నది గుడ్డికొంగ.
"దానికి బానే కనపడిద్దిరా. అది మనకే కనపడదు."
ఇన్ని పేర్లు ఎక్కడివంటే,
కొల్లూరు లంకల్లో పసుపు తవ్వే రోజుల్లో
అన్నాలప్పుడు తమతో పాటు అవే ఉండేవంది.
నాకు నలభై రెండేళ్ళు.
ఒక్కసారన్నా అడిగుండొచ్చు.

తర్వాత తీసుకుంది, తిరగేసి పట్టుకుంది.
కరీముల్లా గోరంత కనపడ్డాడేమో
"అంత దూరం ఎందుకు పోయావురా, ఇటు రా" అని చెయ్యి చాచింది.
వాడు ఆమె మోకాలి దగ్గరే ఉన్నాడు.

రమీజా పిట్టల్ని చూడలేదు.
అద్దాలు ఒడ్డున ఉన్న ఇంటి వైపు తిప్పి
"ఆవిడ బట్టలు ఎక్కడ ఆరేసుకుంటదో" అంది.
మంచినీళ్ళ వంకన వెళ్ళి ఆవిడనే అడిగొచ్చింది కూడా.
దాబా మీద వడియాలు పెట్టి పన్నెండేళ్ళయిందట.
రాత్రంతా గోలేనట.
ఇవి లేచిపోయిన నెలలో మాత్రం
వాళ్ళాయన నిద్రపట్టక వీధిలో తిరుగుతాడట.

చివరికి నా వంతు.
చక్రం తిప్పితే మసక, ఇంకొంచెం తిప్పితే
ఒక గూడబాతు గూట్లోకి దిగుతోంది,
లోడు లారీ స్పీడ్‌బ్రేకర్ దిగినట్టు, బరువుగా.
ఇంకా ఆగనేలేదు, పిల్ల తలకాయ మొత్తం
దాని గొంతుసంచీలో దూర్చేసింది,
మెడదాకా, మొహమాటమనేది లేకుండా.
అప్పుడే కరీముల్లా నా ఖాకీ జేబులో చెయ్యిపెట్టాడు,
చిల్లర కోసం కెలుకుతున్నాడు.
రోజూ అయితే ఒకటి తగిలించేవాణ్ణి.
కదలకుండా నిలబడ్డాను.

షాహిన్ మూడొందల పన్నెండు దగ్గర లెక్క తప్పింది.
ఒకటి లేచింది, దాంతో అన్నీ లేచాయి.
నా ఆటో టాపు మీద సున్నపు చుక్కలు.

సోమవారం సారు వచ్చాడు,
కళ్ళకి పెట్టుకుని "ఫోకస్ మారిందే" అన్నాడు.
చెవులు వేడెక్కాయి నాకు.
నిన్న మా వాళ్ళు, సార్, అంటూ మొదలుపెట్టి
తడబడి పిట్టల పేర్లు చెప్పుకుపోయాను.
ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.
ఆయన పుస్తకంలో వాటికి వేరే పేర్లున్నాయట.
"గుడ్డి... తర్వాత ఏమన్నావు?"
కొంగ, సార్. గుడ్డికొంగ.
మళ్ళీ ఆదివారం రండి.
మా అమ్మ కూడా ఆటోలో ఉంటుంది.